నోటి దుర్వాసన: కారణం కడుపులో కాదు, నోటిలోనే వెదకాలి

నోటి దుర్వాసనతో బాధపడేవారిలో చాలామంది మొట్టమొదట దంతవైద్యుని వద్దకు వెళ్ళరు. మందుల దుకాణంలో గ్యాసు మాత్రలు కొనుక్కుంటారు, లేదా కడుపు శుభ్రపడేందుకు ఏదో ఒక చూర్ణం వాడతారు. కడుపులో వేడి చేసిందనీ, అజీర్తి వలన వాసన పైకి తన్నుతున్నదనీ చుట్టుపక్కలవారు చెప్పే మాట వారికి నమ్మదగినదిగా తోస్తుంది. వైద్యశాస్త్రం చెప్పేది ఇందుకు భిన్నంగా ఉన్నది. దుర్వాసన ఉన్న ప్రతి పదిమందిలో ఎనిమిది, తొమ్మిదిమందికి దాని పుట్టుక నోటిలోనే ఉంటుందని వివిధ దేశాల వైద్యుల పరిశీలనలో తేలింది. నాలుక వెనుక భాగం, చిగుళ్ళు, పళ్ళ సందులు దానికి ప్రధాన స్థానాలు. మిగిలినవారిలో ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, అరుదుగా కాలేయం, మూత్రపిండాలు కారణమవుతాయి. కడుపు వంతు అతి స్వల్పం.

ఈ అపోహ వలన కలిగే నష్టం మాత్రలకు పెట్టిన డబ్బుతో పోయేది కాదు. చిగుళ్ళ వ్యాధి సాధారణంగా నొప్పి లేకుండా ముదిరే వ్యాధి. పన్ను కదిలేవరకు రోగికి అది ఉన్నట్లే తెలియదు. నొప్పి లేని ఆ సంవత్సరాలలో అది బయటపడే గుర్తులు రెండే: పళ్ళు తోముకునేటప్పుడు కనిపించే రక్తం, ఎదుటివారికి తెలిసే వాసన. మొదటి గుర్తు కనిపించగానే మనవారు తోమడం తగ్గిస్తారు. రెండవదానిని యాలకులతోనో, వక్కపొడితోనో కప్పిపుచ్చుతారు. భారత దంతవైద్య మండలి 2002-03లో జరిపిన జాతీయ సర్వేలో 35 నుండి 44 ఏళ్ళ మధ్య వయస్కులలో 89.6 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో చిగుళ్ళ వ్యాధి ఉన్నట్లు వెల్లడైంది. 15 ఏళ్ళ పిల్లలలో సైతం ఇది 67.7 శాతంగా ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం తీవ్రమైన చిగుళ్ళ వ్యాధి ప్రపంచవ్యాప్తంగా వంద కోట్లకు పైగా ఉన్నది.

వాసన పుట్టే విధానం

మనిషి నోటిలో ఏడువందలకు పైగా జాతుల సూక్ష్మజీవులు ఉండగలవని శాస్త్రజ్ఞులు గుర్తించారు. వీటిలో అధికభాగం హాని చేయనివే. గాలి సోకని చోట మాత్రమే వృద్ధి చెందే కొన్ని జాతులు నాలుక వెనుక భాగంలోని గరుకు గుంటలలో, పంటికి చిగురుకు మధ్యనున్న సందులో స్థావరం ఏర్పరచుకుంటాయి. ఆహారపు తునకలు, నోటిలో నిత్యం రాలిపోయే చర్మకణాలు, రక్తపు చారికలు, ముక్కు నుండి గొంతులోకి జారే చీమిడి వీటికి ఆహారం. అందులోని మాంసకృత్తులను ఇవి విచ్ఛిన్నం చేసినప్పుడు గంధకంతో కూడిన వాయువులు వెలువడతాయి. వాటిలో హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన, మిథైల్ మెర్కాప్టాన్‌కు కుళ్ళిన క్యాబేజీ వాసన ఉంటాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ టాన్‌జెటిచ్ 1960, 1970 దశకాలలో జరిపిన పరిశోధనల వలన నోటి దుర్వాసనకు ఈ గంధక వాయువులే ముఖ్య కారణమని స్థిరపడింది.

మెర్కాప్టాన్ అనే పేరు కొత్తగా తోచినా ఆ కుటుంబపు వాసన ప్రతి వంటింటికీ పరిచితమే. వంటగ్యాసుకు సహజంగా చెప్పుకోదగిన వాసన లేదు. లీకైనప్పుడు ఇంటివారికి తెలియడం కోసం అందులో ఇథైల్ మెర్కాప్టాన్‌ను కలుపుతారు. నోటిలో పుట్టే వాయువు దీనికి అతి సమీప బంధువు. గ్యాసు వాసన వచ్చినప్పుడు అగరువత్తి వెలిగించే ఇల్లాలు ఉండదు. నోటి విషయంలో మాత్రం చేస్తున్నది దాదాపు అదే.

రాత్రి నిద్రలో లాలాజలం ఊరడం దాదాపుగా ఆగిపోతుంది. రోజు మొత్తంలో అర లీటరు నుండి లీటరున్నర వరకు ఊరి, నోటిని ఎప్పటికప్పుడు కడుగుతూ ఉండే ప్రవాహం అది. అది ఆగగానే సూక్ష్మజీవులకు అడ్డు ఉండదు. ఉదయం లేచినప్పుడు అందరి నోటా వచ్చే వాసనకు ఇదే కారణం. ముఖం కడుక్కుని, ఏదైనా తిన్న తరువాత అది పోతే వ్యాధి కాదు. పగలంతా నిలిచి ఉన్నప్పుడే ఆలోచించవలసి ఉంటుంది. ఉపవాస దినాలలో, ఎండలో నీరు త్రాగకుండా పనిచేసినప్పుడు, గంటల తరబడి మాట్లాడినప్పుడు కూడా నోరు ఎండి వాసన వస్తుంది. మధ్యాహ్నం రెండు గంటల వరకు నీళ్ళు ముట్టకుండా తరగతులు చెప్పే ఉపాధ్యాయులు, రద్దీ కౌంటర్లలో కూర్చునే గుమాస్తాలు ఈ కోవలోనివారే. ఖాళీ కడుపున వాసన ఎక్కువగా ఉండి భోజనం చేయగానే తగ్గడం చూసి, దోషం కడుపుదేనని పూర్వం నుండి భావించి ఉంటారు. నిజానికి నమలడం వలన లాలాజలం ఊరి నోరు కడగబడింది, అంతే.

నాలుక సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. వేపపుల్లతో పళ్ళు తోముకున్న తరువాత అదే పుల్లను నిలువునా రెండుగా చీల్చి, ఆ బద్దతో నాలుక గీసుకుని, పుక్కిలించి ఉమ్మేవరకు ముఖం కడగడం పూర్తయినట్లు కాదు. రాగి నాలుకబద్ద లేని ఇల్లు ఉండేది కాదు. బ్రష్షు, పేస్టు వచ్చాక మొదట జారిపోయిన అలవాటు ఇదే కావడం విచారకరం. చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్నవారిలో దుర్వాసనకు నాలుక వెనుక భాగంలో పేరుకునే తెల్లని లేదా పసుపు రంగు పాచియే తరచు కారణమవుతున్నది. ముందుభాగం గీసినందువలన ప్రయోజనం తక్కువ. వీలైనంత వెనుక నుండి, రక్తం రాకుండా, మృదువుగా ముందుకు లాగాలి. కొద్దిగా డోకు రావడం సహజం.

పాచి నుండి గార, గార నుండి చీము

కారణాలలో అత్యంత గంభీరమైనది చిగుళ్ళ వ్యాధి కనుక దానిని కొంత వివరంగా చెప్పుకోవలసి ఉన్నది.

పళ్ళపై పట్టే మెత్తని పాచిని తోమి తీసివేయకుండా వదిలిపెడితే, లాలాజలంలోని సున్నపు లవణాలతో కలిసి కొద్దిరోజులలోనే గట్టిపడుతుంది. దీనినే వాడుకలో గార అంటారు. ఇది బ్రష్షుతో పోదు. గరుకైన ఆ గారపై మరింత పాచి చేరుతుంది. చిగురు ఎర్రబడి, ఉబ్బి, తాకితే రక్తం వస్తుంది. ఇది మొదటి దశ. ఈ దశలో శుభ్రం చేస్తే చిగురు పూర్తిగా మామూలు స్థితికి వస్తుంది. డెన్మార్క్‌లోని ఆర్హస్ దంతవైద్య కళాశాలలో హెరాల్డ్ లో అనే శాస్త్రజ్ఞుడు 1965లో ప్రకటించిన ప్రయోగం ఈ విషయాన్ని సందేహానికి తావులేకుండా నిరూపించింది. ఆరోగ్యకరమైన చిగుళ్ళు గల 12 మంది ఆ ప్రయోగం కోసం పళ్ళు తోముకోవడం మానివేశారు. 10 నుండి 21 రోజులలో ఆ 12 మందికీ చిగుళ్ళ వాపు వచ్చింది. తిరిగి తోమడం ప్రారంభించిన తరువాత సుమారు వారం రోజులలో అది తగ్గిపోయింది.

తరువాతి దశకు ఈ సౌలభ్యం లేదు. వాపు లోపలికి దిగి, పంటికి చిగురుకు మధ్యనున్న సందు లోతైన సంచిగా మారుతుంది. గాలి చొరబడని ఆ సంచిలో దుర్వాసన కలిగించే సూక్ష్మజీవులు నిరాటంకంగా పెరుగుతాయి. చిగురును నొక్కితే చీము వస్తుంది. పంటిని పట్టి ఉంచే ఎముక కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. అప్పటికీ నొప్పి ఉండకపోవచ్చును. పళ్ళ మధ్య ఖాళీలు ఏర్పడడం, పళ్ళు పొడవైనట్లు కనిపించడం, కంకి గింజలు కొరికినప్పుడు పన్ను కదిలినట్లు తోచడం అప్పటికిగాని రోగిని మేల్కొల్పవు. వయసు మీద పడితే పళ్ళు ఊడిపోవడం సహజమన్న నమ్మకం కూడా ఇక్కడినుండే పుట్టింది. పళ్ళు ఊడడానికి కారణం వయసు కాదు, వయసుతోపాటు చికిత్స లేకుండా సాగిన వ్యాధి.

ఈ వ్యాధి అందరిలో ఒకే వేగంతో సాగదు. హెరాల్డ్ లో, ఆయన సహచరులు 1970 నుండి శ్రీలంక తేయాకు తోటలలోని 480 మంది పురుష కూలీలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఆ కూలీలకు పళ్ళు శుభ్రపరచుకునే అలవాటు గాని, దంతవైద్యం గాని లేవు. వారిలో 8 శాతం మందికి వ్యాధి అతివేగంగా ముదిరి పళ్ళు రాలిపోయాయి. 81 శాతం మందిలో మధ్యస్థంగా సాగింది. 11 శాతం మందిలో మొదటి దశ దాటనే లేదు. మా తాతగారు ఏనాడూ బ్రష్షు పట్టలేదు, నూరేళ్ళు చెరకు గడలు నమిలారు అని చెప్పుకునేవారు ఈ 11 శాతంలోని తాతగారి గురించి చెబుతున్నారన్న మాట. ఎవరు ఏ వర్గంలో ఉన్నదీ ముందుగా తెలియదు గనుక ఆ ఉదాహరణపై ఆధారపడి నోటిని వదిలివేయడం క్షేమం కాదు.

మధుమేహం ఉన్నవారి విషయం ప్రత్యేకం. రక్తంలో చక్కెర అదుపులో లేనప్పుడు చిగుళ్ళ వ్యాధి త్వరగా ముదురుతుంది. చిగుళ్ళలో చీము ఉన్నంతకాలం చక్కెర అదుపులోకి రావడం కూడా కష్టమవుతుంది. మధుమేహ వైద్యుడు కళ్ళు, పాదాలు చూపించుకోవాలని చెప్పినట్లే నోరు కూడా చూపించుకోవాలని చెప్పవలసిన అవసరం ఉన్నది. గర్భిణులకు శరీరంలోని మార్పుల వలన చిగుళ్ళు త్వరగా వాచి రక్తం వస్తుంది. ప్రసవం అయ్యేవరకు పళ్ళకు వైద్యం చేయించుకోరాదని పెద్దలు వారించడం కద్దు గాని, గర్భిణి అని ముందే తెలిపితే వైద్యులు తగు జాగ్రత్తలతో పళ్ళు శుభ్రం చేస్తారు.

గార తీయించుకుంటే పళ్ళు వదులవుతాయన్న భయం గ్రామాలలోనే కాక చదువుకున్నవారిలోనూ ఉన్నది. దీనికి ఒక చిన్న కారణం ఉన్నది. ఏళ్ళ తరబడి పేరుకున్న గార, ఎముక పోయిన పళ్ళను ఒకదానితో ఒకటి అతికించినట్లు పట్టి ఉంచుతుంది. దానిని తీయగానే అప్పటికే వదులైన పన్ను కదలడం, అప్పటికే ఏర్పడిన సందు బయటపడడం జరుగుతుంది. శుభ్రం చేయడం వలన వదులు కాలేదు. కొద్దిరోజులు చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనడం కూడా సాధారణమే. ఈ ఒక్క అపోహ వలన దంతవైద్యుని గుమ్మం తొక్కనివారు ఎందరో ఉన్నారు. ఆరోగ్య విషయాలు వ్రాసే పాత్రికేయులు దీనిని ఎన్నిసార్లు వివరించినా ఎక్కువ కాదు.

నోటిలోని ఇతర కారణాలు

పిప్పిపన్నులో ఆహారం ఇరుక్కుని కుళ్ళడం, సగం మాత్రమే బయటకు వచ్చిన జ్ఞానదంతం మీది చిగురు క్రింద చీము పట్టడం, సరిగా అమరని తొడుగు పన్ను అంచున పాచి చేరడం అందరికీ తెలిసిన కారణాలే. పళ్ళ సందులలో చిక్కిన పీచును గుండుసూదితోనో పిన్నీసుతోనో కెలకడం వలన చిగురు చిట్లి సమస్య పెరుగుతుంది. సందులకోసం దారం, సన్నని బ్రష్షులు మందుల దుకాణాలలో లభిస్తున్నాయి. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళను రాత్రి నోటిలోనే ఉంచుకుని నిద్రించేవారికి దుర్వాసనతోపాటు అంగిలిపై బూజు పుండ్లు కూడా వస్తాయి. వాటిని రోజూ బ్రష్షుతో కడిగి, రాత్రివేళ నీటిలో వేసి ఉంచాలి.

నోరు ఎండిపోవడానికి మందులు కూడా కారణం కావచ్చును. జలుబుకు, అలర్జీకి వాడే కొన్ని మాత్రలు, మానసిక వ్యాకులతకు ఇచ్చే కొన్ని మందులు, రక్తపోటుకు ఇచ్చే నీటి మాత్రలు లాలాజలాన్ని తగ్గిస్తాయి. నాలుగైదు రకాల మాత్రలు వాడే వృద్ధులలో ఇది ఎక్కువ. అంతమాత్రాన వాటిని సొంతంగా మానివేయరాదు. వైద్యునికి చెబితే మార్పు చేయగల అవకాశం ఉంటుంది.

ముక్కు, గొంతు, రక్తం ద్వారా వచ్చే వాసన

నోటిని పరీక్షించి దోషం లేదని దంతవైద్యుడు చెప్పిన తరువాత చూడవలసినవి ముక్కు, గొంతు. సైనస్ వ్యాధిలో చీమిడి గొంతు వెనుకకు జారి వాసన ఇస్తుంది. టాన్సిల్స్ గుంటలలో పేరుకుని, దగ్గినప్పుడు తెల్లని చిన్న ముద్దలుగా ఊడిపడే పదార్థం చూచి భయపడేవారున్నారు. అది ప్రమాదకరం కాదు గాని భరించరాని వాసన కలిగి ఉంటుంది. చిన్నపిల్లల విషయంలో తల్లులు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది. మూడు, నాలుగేళ్ళ పిల్లవాని వద్ద ఉన్నట్టుండి దుర్వాసన వస్తూ, ఒక్క ముక్కు నుండి మాత్రమే చీము వంటి చీమిడి కారుతుంటే, ఆ ముక్కులో చింతగింజో, పూసో, బలపం ముక్కో ఇరుక్కుని ఉండవచ్చును. ఇంటిలో పుల్లతో తీయబోతే అది మరింత లోపలికి పోతుంది. వెంటనే ముక్కు, చెవి, గొంతు వైద్యునికి చూపించాలి. ఊపిరితిత్తులలో చీముగడ్డ ఉన్నవారి శ్వాస కూడా తీవ్రమైన దుర్గంధం కలిగి ఉంటుంది. వారిలో జ్వరం, దగ్గు, కళ్ళె ముందే కనిపిస్తాయి.

వెల్లుల్లి తిన్నవారు ఎన్నిసార్లు పళ్ళు తోముకున్నా వాసన పోకపోవడం అనుభవైకవేద్యమే. అందులోని ఒక గంధక పదార్థం జీర్ణమై రక్తంలో చేరి, ఊపిరితిత్తుల నుండి శ్వాసలోకి వస్తుంది. అది గంటల తరబడి ఉండి తానే పోతుంది. ఇదే మార్గంలో శరీరంలోపలి వ్యాధులు కూడా శ్వాసలో తెలుస్తాయి. మూత్రపిండాలు విఫలమైనవారి శ్వాసలో అమోనియా ఛాయ, కాలేయం బాగా దెబ్బతిన్నవారిలో బూజుతో కలిసిన తీపి వాసన ఉంటాయని వైద్యవిద్యార్థులకు బోధిస్తారు. మధుమేహం ముదిరి రక్తంలో కీటోన్లు పెరిగినప్పుడు మాగిన పండు వాసన వస్తుంది. పిల్లవాడు అతిగా నీళ్ళు త్రాగుతూ, మాటిమాటికి మూత్రానికి పోతూ, చిక్కిపోయి, వాంతులతో ఆయాసపడుతున్నప్పుడు ఈ వాసన తోడైతే అది ప్రాణాపాయ స్థితి. గంటలు కూడా వృథా చేయక ఆస్పత్రికి చేర్చాలి. అయితే ఇటువంటి వ్యాధిగ్రస్తులలో వాసన ఒక్కటే లక్షణంగా ఉండడం దాదాపు జరగదు. వాసన ఉన్నంతమాత్రాన కాలేయ పరీక్షలకు పరుగెత్తవలసిన పని లేదు.

జన్యులోపం వలన కలిగే దుర్వాసన అత్యంత అరుదు. శరీరంలో ట్రైమిథైలమైన్ విచ్ఛిన్నం కాక చేపల వాసన వచ్చే వ్యాధి ఒకటి ఉన్నది. సెలెన్‌బిపి1 అనే జన్యువులోని లోపం వలన మెర్కాప్టాన్ రక్తంలోనే నిలిచిపోయి దుర్వాసన కలుగుతున్నట్లు 2018లో కొన్ని కుటుంబాలలో కనుగొన్నారు. ఎంత తోమినా ఫలితం కనిపించక, శుభ్రత లేనివారన్న నిందను మోసిన ఆ కుటుంబాల సభ్యులకు ఆ పరిశోధన కనీసం కారణం చెప్పగలిగింది.

ఇక కడుపు మాట. ఆహారనాళం మ్రింగేటప్పుడు మాత్రమే తెరుచుకుని, మిగిలిన సమయంలో మూసుకుని ఉండే గొట్టం. కడుపులోని వాయువు త్రేన్పులో తప్ప బయటకు రాదు. పుల్లత్రేన్పులు, ఛాతీలో మంట అధికంగా ఉన్న కొందరిలో మాత్రమే కడుపుకు సంబంధం ఉండవచ్చును. ఆ లక్షణాలు లేనివారు దుర్వాసన కోసమని ఎండోస్కోపీ చేయించుకోవడం అనవసరమైన ఖర్చు.

కప్పిపుచ్చడంలోని ప్రమాదం

దుర్వాసన అనే భయాన్ని అమ్మకపు సరుకుగా మార్చిన ఘనత ప్రకటనలది. ఆంగ్ల వైద్యగ్రంథాలలో దీనికున్న హాలిటోసిస్ అనే పేరు 19వ శతాబ్దిలోనే పుట్టినా సామాన్యులకు తెలియదు. 1879లో శస్త్రచికిత్సలకు ఉపయోగపడే క్రిమినాశినిగా అమెరికాలో తయారైన లిస్టరిన్ అనే ద్రావకాన్ని 1920 దశకంలో నోటి వాసనకు మందుగా ప్రచారం చేశారు. పెళ్ళికాని యువతులను, స్నేహితులు దూరమైన యువకులను బొమ్మలు వేసి చూపిన ఆ ప్రకటనలు ఆ పేరును ఇంటింటికీ చేర్చాయి. పుక్కిలించే ద్రావకాలు ఉపయోగం లేనివి కావు. కాని వాటి ప్రభావం కొన్ని గంటలు మాత్రమే. చిగురు సంచిలోని గార వరకు అవి చేరవు. క్లోరెక్సిడిన్ కలిగిన ద్రావకాన్ని దంతవైద్యుడు చెప్పినన్ని రోజులే వాడాలి. నెలల తరబడి వాడితే పళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, రుచి తెలియకుండా పోతుంది.

మన ప్రాంతంలో కప్పిపుచ్చే సాధనం సీసాలోని ద్రావకం కన్నా కిళ్ళీకొట్టులోని పొట్లం. సోంపు గింజలు, లవంగం, యాలకులు హాని చేయవు. వక్క, జర్దా, ఖైనీ, గుట్కా సంగతి వేరు. నోటి వాసన పోవడానికి మొదలుపెట్టామని చెప్పేవారు ఈ అలవాటు ఉన్నవారిలో తక్కువ కాదు. పొగాకు నోటిని ఎండబెడుతుంది, చిగుళ్ళను పంటినుండి దిగజారుస్తుంది, రక్తప్రసరణను తగ్గించి చిగుళ్ళ రక్తస్రావాన్ని కూడా కనబడనీయదు. అనగా వ్యాధిని పెంచి, దాని గుర్తును దాచుతుంది. పొగాకు కలపని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. 2016-17లో జరిగిన సర్వే ప్రకారం దేశంలో వయోజనులలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. అందులో నమిలే, పళ్ళకు రాసుకునే రకాలు వాడేవారు మొత్తం వయోజనులలో 21.4 శాతం. పళ్ళపొడులలో, పేస్టులలో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. ఆహార పదార్థాలలో పొగాకును, నికోటిన్‌ను కలపరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిర్దేశిస్తున్నాయి.

ఉత్తరాంధ్ర తీర గ్రామాలలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో, చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చే అలవాటు స్త్రీలలో అధికంగా ఉండేదని, దాని వలన అంగిలిపై క్యాన్సర్ వస్తున్నదని 1960 దశకం నుండి పరిశోధకులు వ్రాస్తూ వచ్చారు. దీనిని అక్కడివారు అడ్డపొగ అంటారు. అంగిలిపై పుండు కుళ్ళినప్పుడు వచ్చే వాసనను చుట్ట వాసన నుండి వేరు చేసి గుర్తించడం ఇంటివారికి సాధ్యం కాదు. పొగాకు అలవాటు ఉన్న ఏ వ్యక్తికైనా నోటిలో రెండు వారాలకు మించి మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, కొత్తగా మొదలైన దుర్గంధం ఉంటే ఆలస్యం చేయరాదు.

చెప్పలేని మాట

తన నోటి వాసన తనకు తెలియకపోవడం ఈ సమస్యలోని వింత. నిత్యం ఉండే వాసనకు ముక్కు అలవాటు పడిపోతుంది. ముంజేతిని నాకి కొద్ది క్షణాల తరువాత వాసన చూడడం, పళ్ళ సందులలో ఆడించిన దారాన్ని వాసన చూడడం వంటి ఉపాయాలు కొంతవరకు పనికివస్తాయి. నమ్మదగిన పరీక్ష ఇంటిలోనివారి ముక్కే. భార్యాభర్తలు సైతం ఈ మాట చెప్పుకోవడానికి ఏళ్ళ తరబడి సంకోచించే సమాజం మనది. చిన్నపిల్లలు మాత్రం మొహమాటం లేకుండా చెబుతారు, వారిని గద్దించకుండా ఉంటే మేలు. ప్రత్యేక వైద్యశాలలలోనూ శిక్షణ పొందిన వైద్యుడు దగ్గరగా వాసన చూచి 0 నుండి 5 వరకు అంకె వేయడమే ప్రామాణిక పరీక్షగా కొనసాగుతున్నది. గంధక వాయువులను కొలిచే యంత్రాలు ఉన్నప్పటికీ అవి సహాయకాలు మాత్రమే.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన స్థితి కూడా ఉన్నది. ఏ వాసనా లేకపోయినా ఉన్నదన్న భావనతో నోటికి చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడేవారు, బస్సులో ఎదుటివారు ముక్కు తుడుచుకుంటే తన వలననే అనుకునేవారు, పెళ్ళిళ్ళకు, సభలకు పోవడం మానుకునేవారు ఉన్నారు. వైద్యశాస్త్రం దీనిని వేరుగా గుర్తించింది. కొందరికి పరీక్ష చేసి వాసన లేదని చూపితే భయం పోతుంది. పోనివారికి మానసిక వైద్యుని సహాయం అవసరం. వారిని ఎగతాళి చేయడం తగదు.

ఎక్కడికి వెళ్ళాలి

రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకోబోయే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో మెత్తని బ్రష్షుతో తోమడం, సందులు శుభ్రపరచడం, నాలుక గీయడం, తగినంత నీరు త్రాగడం వలన అధికశాతం మందిలో వాసన తగ్గుతుంది. కచ్చిక, ఇటుకపొడి, బొగ్గుపొడి పంటిపై పొరను అరగదీస్తాయి. పుల్ల వాడేవారు మానవలసిన పనిలేదు గాని చిగురు గీరుకోకుండా చూచుకోవాలి. రెండు, మూడు వారాలు ఇలా చేసినా వాసన తగ్గకపోయినా, చిగుళ్ళ నుండి రక్తం ఆగకపోయినా గార తీయించుకోవలసి ఉంటుంది. ఇందుకు ఖరీదైన ఆస్పత్రులు అవసరం లేదు. విజయవాడ, కడప ప్రభుత్వ దంతవైద్య కళాశాలలలోను, హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆస్పత్రిలోను, జిల్లా ఆస్పత్రులలోని దంత విభాగాలలోను ఈ చికిత్స లభిస్తుంది.

జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 2014-15లో ప్రారంభించింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పాఠశాల పిల్లలకు జరిపే పరీక్షల జాబితాలో దంత సమస్యలు చేర్చబడ్డాయి. 2018 నుండి ఉపకేంద్రాలను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను ఆరోగ్య కేంద్రాలుగా విస్తరించినప్పుడు ప్రాథమిక నోటి ఆరోగ్య సేవను కూడా వాటి విధులలో చేర్చారు. వసతి గృహాలను తనిఖీ చేసే అధికారులు వంటశాల, మరుగుదొడ్లు చూచినట్లే, పిల్లలకు రాత్రివేళ పళ్ళు తోముకునేందుకు కుళాయి వద్ద నీరు, వెలుతురు ఉన్నదీ లేనిదీ చూడవలసి ఉన్నది. ఉదయం తోమించే వసతి గృహాలు అనేకం, రాత్రి తోమించేవి తక్కువ. గ్రామాలలో మధుమేహ పరీక్షలకు వెళ్ళే సిబ్బంది చక్కెర చూచినప్పుడు చిగుళ్ళ నుండి రక్తం వస్తున్నదా అని ఒక్క ప్రశ్న అడిగి, అవునన్నవారి పేర్లు దంతవైద్యునికి పంపితే, పళ్ళు కదలకముందే చికిత్స అందించడానికి వీలవుతుంది.